గునుపురంలో తాళం పడిన సెంట్రింగు సామాను గురించి అల్లుడికి ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గునుపురం ఇంటాయన, కాంక్రీటు గట్టిపడేదాకా స్లాబును కింద నుంచి మోసే నీ సెంట్రింగు ప్లేట్లను, జాకీలను మెట్లకింది గదిలో పెట్టి తాళం వేసుకున్నాడనీ, స్లాబు ఊరడం మానేదాకా ఇవ్వనంటున్నాడనీ, ఆఖరి కిస్తీ కూడా ఆపేశాడనీ రాశావు. రాత్రిపూట నలుగురు కుర్రాళ్లతో వెళ్లి తాళం పగలగొట్టి సామాను బండికెత్తుకొస్తే తప్పేముందని అడిగావు. బాకీ తీర్చకపోతే నువ్వు బిగించిన కిటికీ గ్రిల్లులు కూడా విప్పుకొస్తానన్నావు. ఈ రెండు పనులూ చెయ్యవద్దు.

ముందుగా సామాను సంగతి చూద్దాం. సామాను ఎవరిది, బాకీ ఎంత, స్లాబు ఎందుకు ఊరుతోంది అన్నవి మూడు వేర్వేరు తగాదాలు. ఇంటాయన మూడింటినీ కలిపి ఒకే తాళం కింద పెట్టాడు. నువ్వూ కోపంలో మూడింటినీ కలిపే మాట్లాడుతున్నావు. వాటిని విడదీస్తే నీ పక్షం చాలా బలమైనది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరికి వచ్చిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో ఖర్చుపెట్టినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, తన కూలి అందేదాకా ఆ వస్తువును అట్టేపెట్టుకోవచ్చు. ఎవరైనా కాలిన మోటారును నీ షెడ్డుకు తెచ్చి వైండింగు చేయించుకుంటే, కూలి ఇచ్చేదాకా ఆ మోటారును ఆపే హక్కు నీకుంటుంది. నీ ప్లేట్ల మీద ఇంటాయన చేసిన పని ఏముంది? స్లాబు విషయంలో ఆయనకు నష్టపరిహారం అడిగే హక్కు ఉండవచ్చు గాని, ఆ హక్కు ప్లేట్లను పట్టుకుని కూర్చోవడానికి పనికిరాదు.

అయితే సామాను నీదైనంత మాత్రాన తాళం పగలగొట్టే అధికారం నీకు రాదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దొంగతనాన్ని నిర్వచిస్తూ గడియారం ఉదాహరణ ఒకటి ఇస్తుంది. బాగుచేయడానికి ఇచ్చిన తన గడియారాన్ని, బాకీ ఏమీ లేని మనిషి, బాహాటంగా దుకాణంలోకి వెళ్లి బలవంతంగా లాక్కుంటే అది దొంగతనం కాదట. కాని అక్రమ ప్రవేశం, దౌర్జన్యం కింద నేరం కావచ్చునట. నువ్వు చేయాలనుకున్నది రాత్రివేళ, దొంగచాటుగా, నలుగురితో, తాళం పగలగొట్టి. నీది నువ్వు తెచ్చుకున్నా, ఆ ఇంటిలోకి చొరబడినందుకు కేసు పడుతుంది. మరునాడు ఇంటాయన స్టేషనులో ప్లేట్ల మాట ఎత్తడు, బీరువాలో నగలు పోయాయంటాడు. పాతపట్నం నుంచి వచ్చిన తెలుగు కుర్రాళ్లు అక్కడి ఒడిశా స్టేషనులో ఒడియాలో జవాబులు చెప్పుకోలేక ఎంత అవస్థ పడతారో నీకు చెప్పనవసరం లేదు.

గ్రిల్లుల మాట అంతకంటె చెడ్డది. గోడలో దిగి, సిమెంటుతో కూరుకున్న గ్రిల్లు ఇక నీ సరుకు కాదు. కట్టడం పనిలో సరుకు కట్టడంలో కలిసినప్పుడు దానితోపాటే ఇంటి యజమానికి చెందుతుందన్న సూత్రం 1958లో గానన్ డంకర్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులోనూ కనిపిస్తుంది. డబ్బు అందకపోతే నీకు మిగిలేది బాకీ మాత్రమే. బాకీకి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంది కనుక, తొందరపడి పీకవలసిన అవసరమూ లేదు. బిగించకుండా గోడకు ఆనించి వదిలిన గ్రిల్లు ఉంటే దాని లెక్క వేరు. సామానుతో సహా గుత్తకు తీసుకున్న పనిలో, బిగించేదాకా అది సాధారణంగా మేస్త్రిదే. ఇంటాయన ఆ సరుకుకని ప్రత్యేకంగా డబ్బు ఇచ్చి రసీదు పుచ్చుకుంటే ఆయనది.

ఇప్పుడు నువ్వు రాయని మాట ఒకటి నేను అడుగుతున్నాను. ఆ ప్లేట్లూ జాకీలూ అన్నీ నీవేనా? నాకు తెలిసినంతవరకు సగం పైగా పాతపట్నంలో అద్దెకు తెచ్చినవి. అలాగైతే అద్దె షాపువాడికి ఈ కబురు ఇవాళే చెప్పు. దాచిపెడితే అద్దె నీ మీద పెరుగుతూనే ఉంటుంది, పైగా నువ్వే ఎక్కడో అమ్ముకున్నావన్న అనుమానం వస్తుంది. చెబితే, ఆ సామాను తనదని అతడే చలానా నకలుతో ఇంటాయనకు ఉత్తరం రాస్తాడు. నీతో పంతానికి పోయిన మనిషి, తనకు ఏ తగాదా లేని మూడో మనిషి సరుకును పట్టుకుని ఉన్నానని తెలిశాక సాధారణంగా మెత్తబడతాడు.

అసలు సెంట్రింగు విషయంలోనే ఇన్ని గొడవలు ఎందుకు వస్తాయంటే, మన సామాను పని అయ్యాక కూడా రోజుల తరబడి ఇంకొకరి ఇంట్లో ఉండక తప్పదు. కాంక్రీటు పనికి దేశమంతటా పాటించే ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం, గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబు కింది జాకీలను ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు కదపకూడదు. దూలాల కింద ఆరు మీటర్ల లోపయితే 14, దాటితే 21 రోజులు. ఈలోగా కూలీలు వేరే పనికి పోతారు, నువ్వు రాయగడలోనో బరంపురంలోనో ఉంటావు, కాపలా మాత్రం ఇంటాయన చేతిలో పడుతుంది. డబ్బు దగ్గర తేడా వచ్చిందంటే ఆయనకు మొదట చేతికి అందేది ఆ సామానే. అందుచేత ఆఖరి కిస్తీని సెంట్రింగు విప్పే రోజుకు ముడిపెట్టి ఒప్పుకోవడం నాకు ఎన్నడూ నచ్చదు. స్లాబు పోసిన రోజుకు ఒక కిస్తీ, విప్పి సామాను బండికెక్కాక చిన్న మొత్తం మిగిలేలా పెట్టుకుంటే, ఇద్దరికీ మొండికేయాలన్న ఆశ తగ్గుతుంది.

జాబితా రాయమని నీకు లోగడ చెబితే, ఇంటివాళ్లు అనుమానించామనుకుంటారని మొహమాటపడ్డావు. సామాను దించిన రోజున రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. గొడవ వచ్చాక రాస్తేనే అనుమానం. ‘సెంట్రింగు సామాను కొంత’ అని రాస్తే అది జాబితా కాదు. ‘ఇనుప ప్లేట్లు, మూడడుగులు ఇంటూ రెండడుగులు, అంచున ఎర్ర రంగు గీత, 60, జాకీలు 40, వాటిలో మర పోయినవి మూడు, సరుగుడు కర్రలు 25, ఇవి మేస్త్రివి, స్లాబు విప్పిన రోజున తీసుకుపోతాడు’ అని రాసి, కింద తేదీ వేసి, ఇంటాయన చేత సంతకం పెట్టించు. మర పోయిన మూడింటిని కూడా రాయడం ఎందుకంటే, తిరిగి ఇచ్చేటప్పుడు చెడగొట్టారన్న మాట రాకుండా ఉంటుంది, జాబితా నిజాయితీగా రాసినదని చూసినవాడికీ తెలుస్తుంది. గునుపురం, జయపురం వైపు పనులకు అదే జాబితాను ఒడియాలో కూడా రాయించు; చదవలేని కాగితం మీద సంతకం పెట్టానని రేపు ఆయన అనకుండా ఉంటాడు. సామాను దించాక ఒక ఫొటో తీసి ఆయన ఫోనుకే పంపు, ఆ తేదీ ఆయన దగ్గరా ఉంటుంది.

లేబరు కాంట్రాక్టులో, అంటే సరుకు ఇంటాయనది, పని మాత్రమే మనది అయినచోట, మిగులు విషయానికి వస్తే, ఇంటాయన డబ్బుతో కొన్నది ఇంటాయనదే. మిగిలిన టైల్స్ పెట్టె, వైరు చుట్ట, సగం ఖాళీ అయిన రంగు బకెట్, చువ్వల ముక్కలు కూడా ఆయనవే. ఖాళీ సిమెంటు బస్తాలను కూలీలు పట్టుకుపోవడం చాలాచోట్ల ఉన్నదే గాని, అడిగి తీసుకోమను. పాత ఇంటికి కొత్త వైరింగు చేసేటప్పుడు ఊడదీసిన రాగితీగ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండు. అది తుక్కే అయినా తుక్కు కొట్టులో మంచి ధర పలుకుతుంది, కనుక ఇంటాయన అడగకపోయినా ఆయన ముందరే తూకం వేయించి అప్పగించు. కూలిలో తగ్గించుకుంటావో, ఆయనకే వదిలేస్తావో ఆ పూటే తేల్చుకో.

నువ్వు వదిలి వచ్చిన వాటిలో సిమెంటు బస్తాలు కూడా ఉన్నాయన్నావు. ముందు వాటి సంగతి తేల్చు. మూడు నెలలు నిలవ ఉన్న సిమెంటును పరీక్షించకుండా వాడకూడదు, వంశధార ఒడ్డు ఊరిలో వానాకాలం చెమ్మకు అంతకు ముందే గడ్డకట్టవచ్చు. ఎవరిదన్న వాదం తెగేలోగా సిమెంటు రాయి అవుతుంది. ఆయననే వాడుకోమని చెప్పి, కొన్న బిల్లు ప్రకారం బస్తా ధర లెక్కలో వేయమను.

ఇక ఇప్పుడు చేయవలసిన పని. ఒక ఉత్తరం రాయి. అందులో సామాను జాబితా, దించిన తేదీ, ఆయన తాళం వేసిన తేదీ, ఏ రోజు ఏ వేళకు బండితో వస్తావో రాయి. ఆ రోజు దాటాక సామాను పాడైనా పోయినా, నడిచే అద్దెకూ ఆయనే బాధ్యుడని మర్యాదగా రాయి. అడిగినా తిరిగి ఇవ్వనివాడి మీద ఆ నష్టభారం పడుతుందని కాంట్రాక్టు చట్టం 161వ సెక్షన్ చెబుతుంది. అందుకే నువ్వు అడిగినట్టు కాగితం ఉండాలి. బాకీ మాట ఈ ఉత్తరంలో కలపవద్దు, దానికి వేరే ఉత్తరం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. తరువాత ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకరిని, వీలైతే ఆ వీధివాడినే, వెంటబెట్టుకుని పగటిపూట వెళ్లు. ఇచ్చిన సామానుకు నువ్వూ సంతకం పెట్టి రసీదు ఇవ్వు, సగమే ఇచ్చినా సరే, మిగిలిన సగాన్ని అందులో రాసి తెచ్చుకో.

అప్పటికీ ఇవ్వకపోతే రాయగడలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టు. కోర్టుకు పోకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సామాను అక్కడ ఉంది గనుక శ్రీకాకుళంలో దరఖాస్తు పెట్టి కాలం పోగొట్టుకోకు. స్టేషనుకు పోతే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారేమో; నమ్మకద్రోహం సెక్షన్ల పేరు చెప్పి బెదిరించడం నాకు ఇష్టం లేదు, అలా మొదలుపెట్టాక ఆ ఇంటాయనతో బాకీ మాట మాట్లాడే దారి మూసుకుపోతుంది.

స్లాబు సంగతి మాత్రం నువ్వు తప్పించుకోవద్దు. స్లాబు మీద చుట్టూ మట్టికట్ట వేసి, నీళ్లు నిలబెట్టి, ఆయన చూస్తుండగా కింద ఎక్కడ ఊరుతోందో సుద్దతో గుర్తు పెట్టు. పైపు దిగిన చోట ఊరితే ఒక రకం, స్లాబు మధ్యన ఊరితే ఇంకొక రకం. నీ పనిలో లోపం తేలితే బాగుచేసి ఇవ్వు, కాకపోతే ఆయనకే కనిపిస్తుంది. ఈ పరీక్షకు నువ్వే పిలిచావన్న మాట కూడా బాకీ ఉత్తరంలో రాయి.

ఉత్తరాల చిత్తుప్రతులు నాకు పంపు. ఒడియా ప్రతులు ఇక్కడ రాయించి, సంతకానికి నీకు పంపిస్తాను. అద్దె షాపు చలానా నకలు కూడా జతచేయి, తేదీ కనిపించేలా ఫొటో తియ్యి.

ఇట్లు
మావయ్య