జైలు కట్టే కాంట్రాక్టర్ దివాళా తీస్తే మిగిలిన పని ఇంకొకరికి ఇవ్వడం ఎందుకంత కష్టం?

"బ్రిటన్‌లో జైళ్ళు కట్టే కంపెనీ దివాళా తీస్తే, మిగిలిన పని ఇంకో కంపెనీకి ఇచ్చేయొచ్చు కదా, అంత ఆలస్యం ఎందుకు?" అని అడిగారు. ఇంగ్లండ్‌లో ఒక ఎలక్ట్రికల్ సబ్ కాంట్రాక్టర్ దగ్గర ఇంజనీరుగా ఉన్నప్పుడు ఇది నేను దగ్గరుండి చూశాను. డబ్బు సంగతి తర్వాత. ఆగిపోయిన పనికి పూచీ ఎవరు పడతారన్నదే అసలు చిక్కు.

పాత జైలు బ్లాకులో వైరింగ్, ఫైర్ అలారాలు మారుస్తున్నాం. పొద్దున గేటు దగ్గర ఫోన్ లాకర్లో పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో సహా ప్రతి పనిముట్టూ లెక్కపెట్టి తీసుకోవాలి. సాయంత్రం ఆ లెక్క తేలితేనే బయటికి. ఒకరోజు మెయిన్ కాంట్రాక్టర్ చేతులెత్తేశాడని తెలిసింది. గేటు దగ్గరే ఆపేశారు. మా టూల్స్ లోపలే కంటైనర్లో ఉండిపోయాయి. అవి మావేనని రసీదులు చూపించి తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది.

కొన్ని నెలలకి కొత్త కంపెనీ మమ్మల్నే పిలిచింది. వాళ్ళ మేనేజరు కారిడార్ సీలింగ్‌లో ఒక పలక తీయించి, టార్చి వేసి చూశాడు. కేబుళ్ళు గోడ దాటే చోట మంట పాకకుండా కన్నాలు సరిగ్గా పూడ్చారా అన్నది అతని ప్రశ్న. పూడ్చాం. కానీ టెస్ట్ కాగితాలు పాత కంపెనీ కంప్యూటర్లలో చిక్కుకుపోయాయి. వేరే సైట్ అయితే మా కుర్రాళ్ళ ఫోన్లలో ఫోటోలైనా ఉండేవి. "కనపడని పనికి నేను సంతకం పెట్టను" అన్నాడు. అతని చోట నేనున్నా అదే అనేవాణ్ణి. సగం సీలింగ్ విప్పి, చేసిన పనే మళ్ళీ చేశాం. పైగా కొత్త మనుషులందరికీ సెక్యూరిటీ తనిఖీలు. పాత బిల్లులు, పని పూర్తయ్యేదాకా మా బిల్లుల్లోంచి పట్టి ఉంచిన రిటెన్షన్ డబ్బు గోవిందా. మాలాంటి చిన్నవాళ్ళు అప్పులవాళ్ళ వరుసలో బ్యాంకుల వెనక ఉంటారు.

ఇది పెద్ద ఎత్తున జరిగితే ఎలా ఉంటుందో చూడండి. 2018 జనవరి 15న కారిలియన్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ కుప్పకూలింది. దాదాపు 50 జైళ్ళ మెయింటెనెన్స్ దాని చేతిలో ఉండేది. కుళాయి కారినా, తాళం పనిచేయకపోయినా ఆ రోజే చూడాలి, జైలు మూసేసి ఆగలేం. అందుకే ప్రభుత్వమే గవ్ ఫెసిలిటీ సర్వీసెస్ లిమిటెడ్ అని సొంత కంపెనీ పెట్టి ఆ పని చేతిలోకి తీసుకుంది. 2024 సెప్టెంబరు 20న ఐఎస్‌జీ అనే ఇంకో నిర్మాణ కంపెనీ పడిపోయింది. దాని చేతిలో ఎన్నో జైలు పనులున్నాయి. అప్పటికి పది రోజుల ముందే, చోటు చాలక ఖైదీలను గడువుకు ముందు వదిలే పథకం మొదలైంది. 2020ల మధ్యకి అందాల్సిన, 20,000 మంది ఖైదీలకు సరిపడే కొత్త చోట్లు 2031 దాకా పూర్తికావని ఆ డిసెంబరులో అక్కడి ఆడిట్ సంస్థ చెప్పింది. దానికి ప్లానింగ్ అనుమతుల ఆలస్యం పెద్ద కారణం. అయితే సగంలో ఆగిన ప్రతి బ్లాకూ ఆ కొరతని ఇంకాస్త పెంచుతుంది.

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సీలింగ్ మూసేముందు జైలు వాళ్ళ కెమెరాతోనే ఫోటోలు తీయించి, టెస్ట్ కాగితాల కాపీలు అదే రోజు జైలు శాఖ ఇంజనీరు చేతికి ఇచ్చి సంతకం తీసుకుంటున్నాను.