మావోరీల పడవలో మన అబ్బాయికి ఉద్యోగం దొరుకుతుందా?

కాకినాడ నుంచి ఒక అమ్మగారు రాశారు. అబ్బాయి డిగ్రీ అయి రెండేళ్లయింది, ఊళ్లోనే ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తున్నాడు, ఇప్పుడు న్యూజిలాండ్ వెళ్లి టూరిజంలో మాస్టర్స్ చేస్తానని పట్టుబట్టాడు. ఎందుకురా అంటే, కైకౌరా అనే ఊళ్లో అక్కడి మూలవాసులైన మావోరీలే సొంతంగా తిమింగలాల టూర్ నడుపుతున్నారు, అలాంటి చోట గైడ్‌గా చేరాలని ఉంది అన్నాడట. "వీడియోలు చూసి చూసి పిచ్చి పట్టింది సార్. రెండెకరాలు బ్యాంకులో పెడితే గానీ పంపలేం. ఆ కోర్సుకి స్కోప్ ఉందా, ఉద్యోగం వస్తుందా, చెప్పండి" అని అడిగారు.

అమ్మా, ముందు ఒక మాట. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి వెళ్లాలనుకునే దేశం పేరే తెలుసు. మీవాడికి ఊరి పేరు, పడవ పేరు, ఆ పడవ ఎవరిదో కూడా తెలుసు. దాన్ని పిచ్చి అనకండి. ఇక ప్రశ్నకొస్తే, గైడ్ ఉద్యోగాన్ని లెక్కలోంచి తీసేయండి, అది మీవాడికి వచ్చేది కాదు. అక్కడ వేరే పనులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మీవాడు చేయగలడు. కాకపోతే వాటిలో ఎక్కువ వాటికి మాస్టర్స్ అడగరు.

ఎందుకంటున్నానో తెలియాలంటే ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, క్రైస్ట్‌చర్చ్ నుంచి రోడ్డు మీద రెండున్నర గంటల దూరంలో ఉంటుంది కైకౌరా. చుట్టుపక్కలంతా కలిపినా జనాభా నాలుగు వేల దగ్గరే, మన వైపు ఒక మాదిరి పంచాయతీ అంత. మావోరీ భాషలో 'కై' అంటే తిండి, 'కౌరా' అంటే లాబ్‌స్టర్ లాంటి పెద్ద సముద్రపు రొయ్య. ఊరి పేరులోనే భోజనం ఉంది. 1980లలో రైల్వేలో ఉద్యోగాలు తీసేశారు. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది అక్కడి మావోరీలకే. అప్పుడు బిల్ సోలొమన్ అనే పెద్దమనిషి, ఇంకొంతమంది కలిసి, మన ఒడ్డు పక్కనే ఏడాది పొడుగునా తిమింగలాలు తిరుగుతున్నాయి కదా, వాటిని చూపించి ఎందుకు బతకకూడదు అనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. నాలుగు కుటుంబాలు ఉంటున్న ఇళ్లు తనఖా పెట్టి గాలి నింపే ఒక చిన్న పడవ కొన్నాయి. అది 1987. అదే ఈరోజు మీవాడు వీడియోల్లో చూస్తున్న వేల్ వాచ్ కైకౌరా.

మీరూ తనఖా గురించే అడుగుతున్నారు కాబట్టి తేడా గమనించండి. వాళ్లు ఇళ్లు పెట్టి పడవ కొన్నారు. పడవ వాళ్లది, సముద్రం తరతరాలుగా తెలిసినది, చెప్పే కథ వాళ్ల తాతలది. ఒకవేళ నష్టం వచ్చినా చేతిలో పడవన్నా మిగిలేది. మీరు పొలం పెట్టి కొనేది ఒక సర్టిఫికెట్, దాంతోపాటు కొన్నాళ్లు పనిచేసుకునే వీసా.

ఇప్పుడు ఆ పడవ మీదికి వెళ్దాం. ఒడ్డుకి దగ్గరలోనే సముద్రం అడుగున కిలోమీటరు పైన లోతున్న లోయ ఉంది, స్పెర్మ్ తిమింగలాలు అక్కడే మేత మేస్తాయి. స్కిప్పర్, అంటే పడవ నడిపేవాడు, ఇంజన్ ఆపేసి, హైడ్రోఫోన్ అని నీటిలో వినే మైకు కిందికి దించుతాడు. కింద తిమింగలం టిక్కు టిక్కుమని శబ్దం చేస్తూ వేటాడుతుంటుంది. ఆ టిక్కులు ఆగాయంటే పైకొస్తోందని అర్థం. ముప్పావుగంటదాకా లోపలే ఉండి, పైకొచ్చి పది నిమిషాలు ఊపిరి తీసుకుంటుంది. దాని ముక్కురంధ్రం తలకి ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి చిమ్మే నీటిఆవిరి నిటారుగా కాకుండా ఎడమకి వాలి కనబడుతుంది, దూరం నుంచే అది ఏ తిమింగలమో చెప్పేస్తారు. కాసేపటికి తోక పైకి లేపి మళ్లీ మునుగుతుంది. ఒక్కటి కూడా కనబడకపోతే టికెట్ డబ్బులో 80 శాతం వెనక్కి ఇస్తారు, అంత నమ్మకం వాళ్లకి.

ఈ పని మీవాడు నేర్చుకోగలడు. కష్టమైనా నేర్చుకునేదే. దాని తర్వాత వచ్చేదే అసలు చిక్కు. తమ పూర్వీకుడు పైకియా తిమింగలం వీపు మీద ఈ దేశానికి వచ్చాడని అక్కడి మావోరీలు చెప్పుకుంటారు. మావోరీ మనిషి నలుగురిలో పరిచయం చేసుకునేటప్పుడు ముందు పేరు చెప్పడు, నా కొండ ఇది, నా నది ఇది, మా పెద్దలు వచ్చిన పడవ ఇది అని మొదలుపెడతాడు, పేరు చివర్లో వస్తుంది. అచ్చం మన దగ్గర ప్రవర చెప్పినట్టు. వేరేవాళ్ల ప్రవర మీవాడు ఎంత శుద్ధంగా బట్టీపట్టి చెప్పినా అది వాడిది అవుతుందా? టూరిస్టు డబ్బు కట్టేది ఆ మాట ఆ మనిషి నోటి నుంచి వినడానికే. వాళ్లు బయటివాళ్లని రానివ్వరని కాదు, ఆ వ్యాపారంలో సరుకే అది. మొన్న ఒక కన్సల్టెన్సీ బ్యానర్ చూశాను, మావోరీ పచ్చబొట్టున్న ముఖం పక్కన 'టూరిజంలో వంద శాతం ప్లేస్‌మెంట్' అని వేశారు, ఆ బొమ్మలో మనిషిని ఎవరైనా అడిగి వేశారో లేదో మరి.

ఇంకో సంగతి కూడా చెప్తాను, ఇది ఏ కోర్సులోనూ రాదు. 2016 నవంబర్ 14 అర్ధరాత్రి దాటాక అక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. సముద్రగర్భం పైకి లేచిపోయింది, పడవల రేవులో నీళ్లు చాలక తవ్వుకోవాల్సి వచ్చింది, రోడ్లు తెగి వందలమంది టూరిస్టులు ఊళ్లో చిక్కుకుపోయారు. అప్పుడు తకహంగా మరాయ్, అంటే ఆ తెగవాళ్లందరూ కలిసే సభాస్థలం, తలుపులు తీసి వచ్చినవాళ్లందరికీ వండిపెట్టింది. వడ్డించింది ఏమిటనుకున్నారు, ఆ ఊరి పేరులో ఉన్న కౌరానే! బిల్లు లేదు. ఉత్తర దిక్కు హైవే మళ్లీ తెరుచుకునేసరికి 2017 డిసెంబర్ అయింది. ఏడాది పైన టూరిస్టులు పలచబడ్డారు, ఇంకో మూడేళ్లు కాకుండానే కోవిడ్ వచ్చి సరిహద్దులే మూసేశారు. ఇవి మీవాడు చూసే వీడియోల్లో ఉండవు. చేరిన ఏడాదే అలాంటిది వస్తే ఈఎంఐ ఎవరు కడతారు అని ఒకసారి అడగండి.

మరి వాడికి పనికొచ్చే ఉద్యోగాలు ఏవంటే, డెక్ మీద సిబ్బంది, బుకింగులు, వెబ్‌సైట్, లెక్కలు, కేఫ్, ఇంజన్ మెకానిక్, మెరైన్ బయాలజీ చదివితే పరిశోధన వైపు. ఈ రంగంలో కైకౌరా ఒక్కటే లేదు. కైకౌరా వాళ్లు కూడా భాగమైన న్గాయ్ తహు అనే పెద్ద తెగకి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం 1998లో చట్టమైంది, పాత అన్యాయాలకి క్షమాపణతో పాటు 170 మిలియన్ న్యూజిలాండ్ డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుని పంచేసుకోకుండా వ్యాపారాల్లో పెట్టారు, క్వీన్స్‌టౌన్‌లో షాటోవర్ జెట్ బోట్లు కూడా వాళ్లవే. అంత పెద్ద సంస్థలో మావోరీలు కానివాళ్లు కూడా పనిచేస్తారు. సీజన్ మాత్రం డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గట్టిగా ఉంటుంది, చలికాలంలో పని గంటలు తగ్గుతాయి. పడవ నడపాలంటే అక్కడి సముద్ర శాఖ ఇచ్చే స్కిప్పర్ సర్టిఫికెట్ కావాలి, దానికి సముద్రం మీద ఇన్ని గంటలు పనిచేశానని లెక్క చూపించాలి. క్లాసులో కూర్చుంటే ఆ గంటలు రావు. సొంతంగా పడవ కొని మొదలెడతా అనే ఆలోచన ఉంటే అదీ వదిలేయమనండి, తిమింగలాల టూర్లకి అక్కడ పర్మిట్ కావాలి, 50 మీటర్ల కంటే దగ్గరికి వెళ్లకూడదు, ఒకే తిమింగలం దగ్గర 300 మీటర్ల లోపు మూడు పడవలకి మించి ఉండకూడదు. కొత్తవాళ్లకి అక్కడ చోటు దొరకడం కష్టం.

అందుకని పొలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. టూరిజమే చదవాలంటే నెల్లూరులో కేంద్రప్రభుత్వ టూరిజం సంస్థ ఐఐటీటీఎం క్యాంపస్ ఉంది, ఎంబీఏ అక్కడ చేయొచ్చు, విదేశీ ఫీజుతో పోల్చుకోనక్కర్లేదు. ఆ సంస్థదే గోవాలో నీటి క్రీడల విభాగం ఉంది, పడవ నడపడం, నీటిలో ప్రాణాలు కాపాడటం చిన్న కోర్సులుగా నేర్పుతారు. నన్నడిగితే మొదటి టికెట్ గోవాకి తీయండి. సముద్రం వాడికి పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది, వాంతులు చేసుకుంటూ పడవ మీద ఉద్యోగం చేయడం కుదరదు కదా.

ఇంకొకటి మీ ఇంటి పక్కనే ఉంది. కోరంగి మడ అడవుల్లో అటవీశాఖ కింద ఊళ్లవాళ్ల కమిటీలు టూరిస్టుల పనులు చూస్తున్నాయి. మీవాడు అక్కడికి పిక్నిక్‌కి వెళ్లే ఉంటాడు, చెక్క వంతెన మీద ఫొటోలు కూడా దిగే ఉంటాడు. ఈసారి మూడు నెలలపాటు ప్రతి ఆదివారం వెళ్లమనండి. టికెట్ రేటు ఎవరు నిర్ణయిస్తారు, వచ్చిన డబ్బు ఎటు పోతుంది, పడవ నడిపే మత్స్యకారుడికి రోజుకి ఎంత మిగులుతుంది, చేపలు పట్టి తినే బావురుపిల్లి గురించి టూరిస్టుకి చెప్పేది ఆ ఊరి మనిషా, లేక గోడ మీద బోర్డా? వాళ్లతో కూర్చుని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. కైకౌరాలో ఎవరైనా ఇంటర్వ్యూ చేస్తే, మాస్టర్స్ మార్కుల కంటే ఈ పుస్తకంలో ఉన్నదాని గురించే వాడు ఎక్కువ మాట్లాడగలడు. అక్కడివాళ్లు ఇళ్లు పెట్టి మొదలెట్టినది దేనికోసమో కూడా వాడికి అప్పుడు సరిగ్గా తెలుస్తుంది.

మూడు నెలలయ్యాక ఆ నోట్‌బుక్ తీసుకుని వాడినే నాకు ఫోన్ చేయమనండి, మీరు కాదు. అప్పటికీ న్యూజిలాండే అంటే కోర్సు, ఖర్చు, లోన్ గురించి కూర్చుని లెక్క వేద్దాం. మూడో ఆదివారానికే మానేస్తే మాత్రం ఫోన్ కూడా అక్కర్లేదు, పొలం కాగితాలు బీరువాలోనే ఉంచండి.