పెన్నా నీళ్లు సముద్రంలో కలిస్తే వృథా అయినట్టేనా?

వృథా అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. వరదలొచ్చినప్పుడల్లా ‘ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు’ అని బాధపడేవాళ్లలో సముద్రం పక్కన కాపురం చేసినవాళ్లు ఒక్కరూ ఉండరు. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, సముద్రం ఒడ్డునున్న మైపాడుకు నాలుగు కిలోమీటర్లు ఇవతల.

2004 ఎండాకాలం. నాకు ఎనిమిదో తరగతి అయిపోయి సెలవులు. అంతకుముందు రెండేళ్లూ వానల్లేవు. ఒకరోజు అమ్మ కందిపప్పు పొయ్యి మీద పెడితే గంటన్నరైనా బద్ద మెత్తబడలేదు. పాత పప్పు అంటగట్టాడని కోపమొచ్చి, గిన్నెతో సహా నన్ను అంగడికి పంపింది. శెట్టి ఏమీ అనకుండా అదే బస్తాలోంచి గుప్పెడు తీసి, వాళ్లింట్లో ట్యాంకు నీళ్లతో ఉడికించి చూపించాడు. వెన్నలా అయింది. ఇంటికొచ్చి చెప్తే తాత లేచి పెరట్లోకి పోయి, ఫిల్టర్ పాయింటు పంపు నన్ను కొట్టమన్నాడు. దోసిలి పట్టి తాగి ఉమ్మేశాడు. ‘అబ్బయ్యా, సముద్రం పెరట్లోకొచ్చేసిందిరా’ అన్నాడు. ముప్పై అడుగులకే తీపి నీళ్లు పడ్డాయని ఊరంతా చెప్పుకున్న పంపు అది. ఆ రాత్రి తాత అన్నానికి కూడా లేవలేదు.

సముద్రం పెరట్లోకి ఎందుకొచ్చిందో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఉప్పు నీళ్లు బరువు, తీపి నీళ్లు తేలిక. భూమిలో తీపి నీళ్లు ఉప్పు నీళ్ల మీద తేలుతుంటాయి. సముద్రమట్టానికి పైన ఒక అడుగు తీపి నీళ్లుంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా ఉప్పు రాకుండా ఆ బరువే ఆపుతుంది. పైన అడుగు తగ్గిందా, కింద 40 అడుగులు పోయినట్టే. ఆ పై అడుగును నిలబెట్టేది వానలూ, ఏట్లో పారే నీళ్లూ. మరి ఏరెక్కడ పారుతోంది? పెన్నా మీదున్న సోమశిల డ్యాములో 78 టీఎంసీలు పడతాయి, అక్కణ్నుంచి నీళ్లు మళ్లించే కండలేరు జలాశయంలో ఇంకో 68. కండలేరు నుంచి చెన్నైకి తాగునీళ్లు ఇవ్వొద్దని నేననను, దాహం ఎవరికైనా దాహమే. సోమశిల లేకపోతే మా మాగాణి కూడా లేదు. కానీ లెక్కలో పొలానికి వాటా, ఊరికి వాటా, ఫ్యాక్టరీకి వాటా ఉన్నప్పుడు ఏటికి వాటా ఎందుకు లేదు?

ఇసుక సంగతీ అంతే. ఏరు తెచ్చిపోసే ఇసుకే ఒడ్డును నిలబెడుతుంది. వచ్చేదాంట్లో చాలా వరకు డ్యాముల్లోనే ఆగిపోతుంది, కింద మిగిలిన కాస్తా రాత్రిళ్లు ట్రాక్టర్లలో వెళ్లిపోతుంది. ఇసుక పోతే నీళ్లు దాచుకునే చోటు కూడా పోయినట్టే. దీనికి తోడు రొయ్యల గుంటలు. గుంటలో ఉప్పు నీళ్లు నిలబెడితే పక్కనున్న వరి కయ్య చౌడెక్కక ఏమవుతుంది? మా మేనమామ గుంటలకు కౌలుకిచ్చిన ఎకరంన్నర మళ్లీ వరికి రాలేదు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. జనం అల్లాడిపోయారు, ఆ వరద మంచిదని నేను ఎప్పటికీ అనను. అయితే ఆ తర్వాతి ఎండాకాలం మా పంపులో నీళ్లు నోట పెట్టుకునేలా ఉన్నాయి. అమ్మ అదే నీళ్లతో పప్పు వండింది. రెండేళ్లు తిరక్కముందే మళ్లీ తాగునీళ్ల క్యాన్లు కొనడం మొదలు. వరదొచ్చినప్పుడే గేట్లన్నీ ఎత్తి వదిలే బదులు, ఎండాకాలంలో కూడా సన్నగానైనా పారనిస్తే చాలు, నాకు అందులో అనుమానమే లేదు.

ఇంతసేపూ చెప్పింది ఏటి నీళ్ల గురించే అయినా ఇంకొకటి చెప్పాలి. మా వైపు స్థలం కొనే ఆలోచన ఉంటే, డిసెంబరులో నీళ్లు రుచి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. మే నెలలో రండి, గుప్పెడు కందిపప్పు వెంట తెచ్చుకోండి.