శీనూకి, బాతుల వేటకి వెళ్లే ముందు

ఒరేయ్ శీనూ,

ఆఫీసు వాళ్లతో ఆర్కన్సా రాష్ట్రంలోని స్టట్‌గార్ట్‌కి బాతుల వేటకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. "మన ఇంటా వంటా లేని పని, నువ్వైనా చెప్పు" అంది. నాకేమో టెన్షన్‌తో పాటు కాస్త గర్వంగానూ ఉంది. ఆవిడతో అనకు.

ముందు లైసెన్స్, డక్ స్టాంప్, అంటే బాతుల వేటకి కొనాల్సిన ప్రభుత్వ స్టాంపు. హెచ్‌-1బి మీద ఉన్నవాడివి, హంటింగ్ లైసెన్స్ రాకుండా ఎవరి తుపాకీ పట్టుకుని ఫోటో కూడా దిగకు.

ఇక తూటాల సంగతి. నీటి పక్షులకి సీసం గుళ్లు అమెరికా అంతటా 1991లో నిషేధించారు. బాతులు మడి అడుగున రాళ్ల నలుసులతో పాటు ఆ గుళ్లూ మింగి, విషమెక్కి చచ్చేవి. ఆ కొత్తలో నన్ను వేటకి తీసుకెళ్లిన పెద్దాయన ఒకడు, జన్మంతా సీసంతో కాల్చినవాడు, దాని బదులు వచ్చిన స్టీల్‌లోనూ తన పాత నాలుగో నంబర్ సైజే కొన్నాడు. దూరం కూడా పాత అలవాటే, యాభై గజాలు. బాతుకి తగిలింది. ఒక కాలు వేలాడేసుకుని చెట్లు దాటి పోయింది. కుక్క వెతికి వెతికి, ఒళ్లంతా తడిసి ఉత్త నోటితో తిరిగొచ్చింది. ఆయనేమో తూటా కంపెనీని తిట్టుకుంటూ కూచున్నాడు. కంపెనీ ఏం చేస్తుందిరా? ఘన సెంటీమీటరుకి సీసం 11 గ్రాముల పైన, స్టీల్ 8 కూడా లేదు. అదే సైజు గుండు సీసంలో 0.21 గ్రాములుంటే స్టీల్‌లో 0.15. తేలిక గుండు గాల్లో త్వరగా నీరసించి, ఈకలు దాటి లోపలికి దిగదు. అందుకే రెండో నంబర్ కొను. నంబర్ తగ్గితే గుండు పెద్దది, తికమక పడకు. ముప్పై అయిదు గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. గాయపడి ఎగిరిపోయిన పక్షి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఎవరైనా తాతల నాటి తుపాకీ ఇస్తే అందులో స్టీల్ వెయ్యకు, గొట్టం పాడవుతుంది. మెత్తటి బిస్మత్ ఉంది, ఘన సెంటీమీటరుకి 9.6 గ్రాములు, ధర మాత్రం మంట. టంగ్‌స్టన్ అయితే 18 దాకా పోతుంది. నీ జీతానికి ఇప్పుడే వద్దులే. జేబులో పాత సీసం తూటా ఒక్కటి మిగిలినా వేటని తనిఖీ చేసే వార్డెన్ ఫైన్ వేస్తాడు, కోటు దులుపుకుని వెళ్లు.

వేడర్స్, అదే నీళ్లలో దిగేటప్పుడు వేసుకునే ఛాతీ దాకా ఉండే రబ్బరు ప్యాంటు, దాని నడుము బెల్టు బిగించుకో. నీకు ఈత రాదు. నీళ్లలో నిలబడాలన్న సంగతి మీ అమ్మకి నేనింకా చెప్పలేదు.

మీ బాబాయి