అమ్మ తుంటి ఆపరేషన్‌కి క్రెడిట్ కార్డా? వద్దు

వరంగల్ నుంచి ఒక పాఠకుడు రాశారు. అమ్మగారికి 63 ఏళ్లు, కుడి తుంటి కీలు అరిగిపోయింది, మార్చాలన్నారు. ప్యాకేజీ 3.2 లక్షలు. ఆరోగ్య బీమా తీసుకుని 14 నెలలే, కీళ్ల మార్పిడికి 24 నెలలు నిండాలి కాబట్టి క్లెయిమ్ రాదు. ఇంటి ఖర్చు నెలకి 45 వేలు, బ్యాంకులో 20 వేలు, ఈక్విటీ (షేర్ల) ఫండ్లలో 4 లక్షలు. "ఫండ్లు కదపకుండా 1.5 లక్షలు కార్డు మీద, మిగతాది లోన్ యాప్‌లో తీసుకోనా?"

వద్దండీ. కార్డు బాకీ మీద నెలకి 3.5 శాతం పడితే 1.5 లక్షలకి వడ్డీయే 5,250. యాప్ మాట అసలు ఎత్తకండి.

మీలాగే నెలనెలా 12 వేలు సిప్ (ఫండ్లలో నెలవారీ పెట్టుబడి) కడుతూ, అత్యవసర నిధి అని విడిగా ఒక్క రూపాయి పెట్టుకోని ఇళ్లు నాకు రోజూ కనిపిస్తాయి, మీ ఉత్తరం తీసుకున్నదీ అందుకే. నా దగ్గరికొచ్చే ఒకాయన వాళ్లమ్మకి ఇదే ఆపరేషన్ ఇలాగే అప్పు చేసి చేయించారు. సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ నర్సులు, ఫిజియో అందరూ ఒక్క మాట మీద పనిచేశారు, మర్నాడే వాకర్‌తో నాలుగడుగులు వేయించారు. ఇంటికొచ్చాక ప్యాకేజీలో లేని ఖర్చు మొదలైంది. కమోడ్ మీద ఎత్తు సీటు, పగలు ఆయా, ఇంటికొచ్చే ఫిజియో. మొదటి ఈఎంఐ పడగానే ఆయన ఫిజియోని మాన్పించేశారు. వాకర్ వదలడానికి ఆవిడకి నెలలు పట్టింది. "డాక్టర్లు బాగానే చేశారు నాయనా, నేనే కసరత్తు చెయ్యలేకపోయాను" అంటారావిడ, డబ్బు సంగతి కొడుకు చెప్పలేదు మరి.

మీరు ఫండ్లలోంచి 3.8 లక్షలు తీసేయండి, అందులో 60 వేలు ఇంటికొచ్చాక ఖర్చుకి. మార్కెట్ తగ్గి ఉన్నా సరే. మరో పది నెలలు ఆగినా ఫర్వాలేదని డాక్టరు చెబితేనే బీమా కోసం చూడండి, అదీ పాలసీకి ముందే అరుగుదల ఉంటే పాత జబ్బు కింద 36 నెలల దాకా పోవచ్చు, కాగితం చదవండి. ఆపరేషన్ అయ్యాక సిప్ ఆపి ఆ 12 వేలూ అత్యవసర నిధికే, ఆరు నెలల ఖర్చు 2.7 లక్షలు అయ్యేదాకా. దాదాపు రెండేళ్లు పడుతుంది, పట్టనివ్వండి. రేపు ఇంట్లో ఇంకెవరైనా బాత్రూంలో జారి తుంటి విరిగితే వాయిదా వేసే వీలే ఉండదు.

నాన్నగారికి 71 అన్నారు. 70 నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఆయన ఆధార్ తీసుకెళ్లి ఈ వారమే చేయించండి.