గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ పిల్లలకు రాత్రి పూటే ఎందుకు? నిద్ర ఆలస్యమైతే పనిచేయదా?

పనిచేస్తుంది, టెన్షన్ పడకండి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ను రోజంతా ఒకేలా కాకుండా విడతలు విడతలుగా వదులుతుంది. పెద్ద విడత సాధారణంగా నిద్ర పట్టిన కొద్దిసేపటికి, గాఢనిద్రలో వస్తుంది. ఆ సహజ లయకు దగ్గరగా ఉండాలనే రోజువారీ ఇంజెక్షన్‌ను పడుకునే ముందు ఇస్తారు.

అయితే చర్మం కింద వేసిన మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికే కొన్ని గంటలు పడుతుంది. పైగా ఈ హార్మోన్ ప్రభావంతో శరీరంలో తయారై, ఎముకల ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే పదార్థం అంత త్వరగా తగ్గిపోదు. కాబట్టి పిల్లాడు గంట ఆలస్యంగా పడుకున్నాడని ఆ రోజు డోసు వృథా కాదు. నా దృష్టిలో గడియారం కన్నా రోజూ మానకుండా వేయడమే ముఖ్యం. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెట్టింపు మాత్రం వేయకండి. వారానికోసారి వేసే రకాలకైతే ఈ రాత్రి పట్టింపే లేదు.

చికిత్స మొదలయ్యాక కొత్తగా గురక వస్తుంటే డాక్టర్‌కు వెంటనే చెప్పండి.