చీపురు ఎవరి చేతిలో ఉంది?

పాలకొల్లు

అమ్మాయీ,

నీ కథ అందింది. వెంటనే చదివాను, మర్నాడు మళ్లీ చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి అక్కడితో వదిలేస్తున్నాను.

నాకు ఒళ్లు మండింది చివరి పేజీ దగ్గర. ఒసాకాలో పక్క ఫ్లాట్ ముసలావిడ ఒంటరిగా పోతుంది. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. నీ కథానాయిక ఉద్యోగానికి దణ్ణం పెట్టి రాజోలు వచ్చేస్తుంది. కొబ్బరితోట, కాలవగట్టు, ఉమ్మడి కుటుంబం, ఎదురుచూసే మామ్మ. ఆపైన "చదువు పెరిగేకొద్దీ మనిషి తరిగిపోతున్నాడు" అని ముగించేశావు. ఆ వాక్యం నీది కాదమ్మా. సంక్రాంతి కథల పోటీల్లో ఏళ్ల తరబడి బహుమతులు కొడుతున్న వాక్యం అది. విదేశంలో కొడుకు, ఇక్కడ ముసలి తల్లి, చివర్లో కన్నీళ్లు. ఆ మూసలో కథ రాస్తే పత్రికలు కళ్లకద్దుకుంటాయి. అందుకే నువ్వూ రాశావేమోనని నా బాధ.

అదే కథలో ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. కథానాయిక స్కూలు కిటికీలోంచి చూస్తుంది. భోజనాలయ్యాయి. పిల్లలు బల్లలన్నీ వెనక్కి జరిపి, మోకాళ్ల మీద వంగి, తడిగుడ్డలతో నేల తుడుస్తున్నారు. ఒక పిల్లాడు బకెట్లో గుడ్డ పిండుతుంటే నీళ్లు మోచేతి దాకా కారి చొక్కా తడుస్తుంది. అయినా వాడు ఆగడు. దాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసి మెట్రో స్టేషన్‌కి పరుగెత్తావు. నీ కథ ఆ కిటికీ దగ్గరే ఉండిపోయింది.

నేను బతుకంతా నమ్మింది ఒక్కటే. బడిలో విలువలు నీతిపాఠం వల్ల రావు. రోజూ చేయించే పనివల్ల వస్తాయి. ఏ సమాజంలోనైనా విలువ ఎక్కడుందో తెలియాలంటే పని ఎవరు చేస్తున్నారో చూడాలి. చీపురు ఎవరి చేతిలో ఉంది? కంచం ఎవరు కడుగుతున్నారు? కథ రాసేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

జపాన్‌లో పెద్దల మీద భక్తి అనాదిగా ఉందనీ, చదువొచ్చి దాన్ని చెరిపేసిందనీ నీ కథ అనుకుంటోంది. చరిత్ర అలా లేదు. 1872లో వాళ్లు విద్యాచట్టం తెచ్చారు. ఊళ్లో చదువులేని ఇల్లు, ఇంట్లో చదువులేని మనిషి ఉండకూడదన్నారు. ఫీజు కట్టలేక, చేతికందొచ్చిన పిల్లల్ని పొలం నుంచి పంపలేక రైతులు తిరగబడ్డారు. 1873 అల్లర్లలో కొన్నిచోట్ల బడులే తగలబెట్టారు. 1890లో చక్రవర్తి పేరిట విద్యాశాసనం వచ్చింది. తల్లిదండ్రుల మీద భక్తి, రాజు మీద విధేయత. బడి ఉత్సవాల్లో దాన్ని చదువుతుంటే పిల్లలు తల వంచుకుని వినేవాళ్లు. అంటే ఆ భక్తిని ఊరూరా పేదాసాదా పిల్లల దాకా మోసుకెళ్లింది ఆధునికమైన బడే. యుద్ధంలో ఓడిపోయాక 1947లో పౌరస్మృతి సవరించి, ఇంటి పెత్తనమూ ఆస్తీ పెద్దకొడుక్కే అన్న పద్ధతి తీసేశారు. 1890 నాటి ఆ విద్యాశాసనాన్ని 1948లో పార్లమెంటు రద్దు చేసింది. చదువు ఒకసారి ఒక విలువను ఎక్కించింది, ఇంకోసారి ఇంకోదాన్ని ఎక్కించింది. దాన్ని పట్టుకుని "చదువు విలువల్ని చంపింది" అంటే ఎలా?

అన్ని దేశాలూ ఒకే దారిన పోవు కూడా. ఏ దేశంలో జనం దేన్ని విలువగా అనుకుంటున్నారో అడిగి తెలుసుకునే వరల్డ్ వాల్యూస్ సర్వే 1981 నుంచి జరుగుతోంది, అది చూడు. డబ్బూ చదువూ పెరిగితే పూట గడుస్తుందా అన్న బెంగ తగ్గి, నాకు నచ్చినట్టు బతకాలన్న కోరిక పెరుగుతుందని చెబుతుంది. కానీ ప్రతి దేశం మీదా దాని పాత మతం, పాత చరిత్ర ముద్ర ఉండిపోతుందనీ అదే చెబుతుంది. అమెరికా అంత ధనికదేశమై కూడా దేవుణ్ణి వదల్లేదు.

నేను చదువుకున్న బడిలో ఊడ్చే పని పేట పిల్లలది. బెల్లు కొట్టకముందే వచ్చి వరండా ఊడ్చి నీళ్లు చల్లేవాళ్లు. మంచినీళ్ల కుండ మాత్రం వాళ్లు ముట్టుకోకూడదు. దాహమేస్తే దోసిలి పట్టాలి, మాలో ఎవరో ఒకరు పైనుంచి పోయాలి. తెలుగు వాచకంలో అందరూ సమానమన్న పాఠం ఉండేది. మేం దాన్ని గొంతెత్తి చదివేవాళ్లం. నేర్చుకున్నది మాత్రం కుండ దగ్గర.

మేష్టరుద్యోగం వచ్చాక ఆ కుండ మీద కథ రాశాను. నా మొదటి మంచి కథ అది. తిరుగు స్టాంపులతో సహా ఒక పెద్ద వారపత్రికకు పంపాను. ఎడిటరుగారు వెనక్కి పంపుతూ, చివర్లో హెడ్మాస్టరుకి పశ్చాత్తాపం కలిగించి, సందేశం చేర్చమన్నారు. నేను చేర్చలేదు. మరో పత్రికవాళ్లు వేసుకున్నారు కానీ నాతో మాటైనా చెప్పకుండా సందేశం వాళ్లే అతికించారు. అచ్చులో హెడ్మాస్టరు ఏడుస్తున్నాడు. నేను చూసిన హెడ్మాస్టరు ఏనాడూ ఏడవలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. నీ చివరి పేజీ చదువుతుంటే అదే పైకొచ్చింది. నా కథకి సందేశం ఎవరో అతికించారు, నువ్వు నీ చేత్తో నువ్వే అతికించుకున్నావు.

2003లో మన బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నేనింకా సర్వీసులో ఉన్నాను. కొందరు తల్లులు పిల్లలకు క్యారేజీలు కట్టి పంపారు, వండేవాళ్లెవరో కనుక్కుని మరీ. తర్వాత ఒక్కొక్క క్యారేజీ రావడం మానేసింది. ఆకలి ఒకటి, పక్కవాడి కంచంలో వేడన్నం ఒకటి. పిల్లలు ఒకే వరసలో కూర్చున్నారు. ఆ రోజుల్లో మేమెవరమూ సమానత్వం మీద పాఠం చెప్పలేదు. ఇళ్లల్లో ఏం మారింది అంటావా, పెద్దగా ఏమీ మారలేదు. అదీ రాయాలి. ఇప్పుడు రొయ్యల చెరువుల డబ్బుతో పిల్లల్ని పడేస్తున్న హాస్టళ్లలో ప్రతి వారం పరీక్షపెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తున్నారు. నిన్నటిదాకా పక్కమంచం మీద పడుకున్నవాడు ఇవాళ కింది సెక్షన్. ఆ పిల్లలు ఏ విలువ నేర్చుకుంటున్నారో గోడమీద అంటించిన లిస్టు చెబుతుంది.

ఇక నీ రాజోలు. ఆ పచ్చదనం అనాదిది అన్నట్టు రాశావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాకముందు ఇది కరువులకి జనం వలసపోయిన జిల్లా. నీ కథానాయిక కాళ్లు పెట్టుకు కూర్చున్న కాలవ ఇంజనీర్లు తవ్వించింది. నీళ్లతో పంట, పంటతో డబ్బు, డబ్బుతో బడులు వచ్చాయి. వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలోనే ఆడపిల్లలకు బడి పెట్టారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారు. ఆడది చదివితే చెడిపోతుందన్నారు అప్పుడు కూడా. నువ్వు ఒసాకా దాకా వెళ్లి ఉద్యోగం చేస్తూ, అదే మాటని కొత్తగా తిప్పి రాస్తున్నావు.

ఉమ్మడి కుటుంబం సంగతి. నీ కథలో మామ్మ మంచం మీద ఉంది. దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారు? రాత్రి రెండింటికి మామ్మ పిలిస్తే లేచేదెవరు? నీ కథలో పిన్ని ఒక్కసారి కాఫీ ఇచ్చి వెళ్లిపోయింది. ఆమెకి పేరు కూడా లేదు. జపాన్‌లోనూ ఆ పని ఒకప్పుడు పెద్దకోడలిదే. 2000లో అక్కడ వృద్ధుల సంరక్షణ బీమా మొదలైంది. 40 నిండినవాళ్లంతా ప్రీమియం కడతారు. 65 దాటినవాళ్లకి అవసరాన్ని బట్టి ఇంటికి మనిషి వచ్చి స్నానం చేయిస్తుంది, వండిపెడుతుంది. కన్నవాళ్ల బాధ్యతని ఇంటి కోడలి నెత్తిమీంచి దించి ఊరంతా పంచుకోవడం కూడా విలువే. అయినా ముసలావిడ ఒంటరిగా పోయింది. ఎందుకు పోయిందన్నది అప్పుడు నిజమైన ప్రశ్న అవుతుంది. నువ్వు అడగాల్సింది అది.

చివరి రెండు పేజీలు తీసెయ్. ముసలావిడ ఇంటికి హెల్పర్ ఎవరైనా వచ్చేదా, వస్తే వారానికి ఎన్నిసార్లు, ఎందుకు మానేసింది, ఆ హెల్పర్ తల్లిని ఎవరు చూసుకుంటున్నారు, ఇవన్నీ మీ అపార్ట్‌మెంట్లో అడిగి తెలుసుకో. జపనీస్ రాదంటే పక్కన ఉన్నవాళ్లని తోడు తీసుకెళ్లు. ఈ జనవరికి ఊరొచ్చినప్పుడు మీ పిన్నిని కూడా కూర్చోబెట్టి అడుగు. ఆవిడ పేరు కథలో ఉండాలి. అయ్యాక నాకు పోస్టులో పంపు, ఫోన్‌లో చదివి వినిపించకు.

మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మేష్టారు